అత్తగారు ఎన్నిసార్లు పోయారు?

అనగనగా గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో ఒక బస్సు డిపో. అక్కడ మనుషుల్ని పేర్లతో పిలవడం తక్కువ, తిరిగే రూటుతో పిలవడం ఎక్కువ. భద్రాచలం బండి తోలే పెద్దాయన భద్రాచలం బాబాయ్. రాత్రి సర్వీసు తీసుకెళ్ళే కుర్రాడు హైదరాబాదు తమ్ముడు. ఏజెన్సీ ఘాట్‌రోడ్డులో టిక్కెట్లు కొట్టే కండక్టరు మారేడుమిల్లి అక్క. రావులపాలెం షటిల్ నడిపే ఆయన రావులపాలెం భాయ్. డిపో మేనేజరు ఏ రూటూ తిరగడు కాబట్టి ఆయన ఉత్త డి.ఎం. గారు.

మిగతా రోజుల్లో సెలవుల సంగతి ఎలాగో గడిచిపోయేది. చిక్కంతా సంక్రాంతికే. హైదరాబాదులో ఉన్న కోస్తా జనం ఒక్కసారిగా ఇంటిదారి పడతారు. రైళ్ళలో బెర్తులు ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. మిగిలిన బరువంతా బస్సుల మీదే. ఉన్న సర్వీసులు చాలక స్పెషల్స్ వేస్తారు. స్పెషల్ బస్సుకి స్పెషల్ డ్రైవరు ఎక్కణ్ణించీ ఊడిపడడు. ఉన్నవాళ్ళే రెండు డ్యూటీలు లాగాలి. అలా లోకాన్నంతా పండక్కి ఇంటికి చేర్చేవాళ్ళు, తమ ఇంట్లో భోగిమంట ఎప్పుడు వేశారో ఫోనులో వినాలి.

డి.ఎం. గారు చెడ్డవాడేం కాదు. పై ఆఫీసు నుంచి గంటకో ఫోను వచ్చేది: ఎన్ని స్పెషల్స్ వేశారు, కలెక్షను ఎంత, ఎన్ని సర్వీసులు రద్దయ్యాయి. ఆ హడావిడిలో ఆయన బల్లమీద సెలవు అర్జీలు కుప్పపడేవి. వాటిని ఆయన రెండు కట్టలు చేసేవాడు. పండక్కి ఇంటికి వెళ్ళాలని రాసినవి ఒక కట్ట. చావు, జబ్బు, ఆపరేషను, నిశ్చితార్థం అని రాసినవి ఇంకో కట్ట. మొదటి కట్ట మీద చదవకుండానే ఎర్ర సిరాతో గీత పడేది. “అందరికీ పండగేనయ్యా, నీ ఒక్కడికే వచ్చిందా?” అనేవాడు. రెండో కట్ట మీద సంతకం పడేది. “ఆపదలో ఉన్నవాణ్ణి ఆపి ఆ పాపం నేనెక్కడ మోస్తాను?” అనేవాడు. ధనుర్మాసంలో నిశ్చితార్థాలేమిటని చార్టు రాసే గుమాస్తా లోలోపల నవ్వుకునేవాడు గాని పైకి అనేవాడు కాదు. తాను దయగా నడుచుకుంటున్నానని డి.ఎం. గారి నమ్మకం.

ఆ దయని అందరికన్నా ముందు పసిగట్టినవాడు భద్రాచలం బాబాయ్. ఒక సంక్రాంతికి ఆయన అత్తగారు పోయారు. మరుసటి సంక్రాంతికి ఆవిడ సంవత్సరీకం వచ్చింది. ఆ పై ఏడు, పాత కాగితాలు ఎవరు తిరగేస్తారులే అన్న ధైర్యంతో, ఆవిడ మళ్ళీ పోయారు. పెద్దాపురంలో ఉన్న ఆ అత్తగారు మాత్రం అల్లుడొస్తున్నాడని అరిసెల పాకం పట్టిస్తూ నిక్షేపంగా ఉండేవారు.

హైదరాబాదు తమ్ముడిది శ్రీకాకుళం అవతల ఒక పల్లె. ఎంత త్వరగా వెళ్ళొచ్చినా మూడు రోజులు కావాలి. అతను ప్రతి ఏడూ ఉన్నదున్నట్టు రాసేవాడు: “పండుగకు మా ఊరు వెళ్ళవలసి ఉన్నది.” ప్రతి ఏడూ ఎర్రగీత పడేది. చేరిన మూడేళ్ళలో ఒక్క సంక్రాంతీ ఇంటిదగ్గర చెయ్యలేదు.

ఒకరోజు క్యాంటీనులో బాబాయ్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“ఒరే తమ్ముడూ, మీ నాయనమ్మ ఉందా?”

“ఉంది బాబాయ్.”

“ఉంటే సెలవెలా వస్తుందిరా?”

“ఆవిణ్ణి చూడ్డానికే కదా బాబాయ్ సెలవడుగుతున్నాను!”

బాబాయ్ జాలిగా చూసి టీ డబ్బులు తనే ఇచ్చాడు.

నాలుగో సంక్రాంతి వచ్చింది. అప్పటికి బాబాయ్ విద్య డిపో అంతా అబ్బేసింది. బల్లమీద మొదటి కట్టలో కాగితాలు పలచబడ్డాయి. రెండో కట్ట లావెక్కింది. ఒకే డాక్టరు ముద్రతో నలుగురికి నాలుగు రకాల జబ్బులు వచ్చాయి. ఇద్దరికి చికెన్‌పాక్సు. ఒకరికి పిచ్చికుక్క కరిచింది. అన్నిటి మీదా సంతకాలు పడ్డాయి. భోగికి ముందురోజు సాయంత్రం డ్యూటీ చార్టు దగ్గర కూర్చున్న గుమాస్తాకి, బస్సుల పేర్ల పక్కన రాయడానికి మనుషుల పేర్లు దొరకలేదు.

ఆ పొద్దున్నే హైదరాబాదు నుంచి బండి తెచ్చిన తమ్ముణ్ణి రాత్రికి మళ్ళీ పొమ్మన్నారు. మధ్యాహ్నం కూడా అతన్ని ఒక లోకల్ ట్రిప్పుకి తిప్పేశారు. “కళ్ళు మూతలు పడుతున్నాయి సార్. వెనక నలభై మంది ఉంటారు. నేను స్టీరింగు పట్టుకోను” అన్నాడు. డి.ఎం. గారు కోప్పడ్డాడు, బతిమాలాడు, చివరికి అతని కళ్ళు చూసి ఊరుకున్నాడు. ఆ బస్సు తెల్లారేదాకా కదల్లేదు. పిల్లల్నీ సంచుల్నీ వేసుకుని ప్లాట్‌ఫారం మీద కూర్చున్న జనం డిపోనీ, ప్రభుత్వాన్నీ, డి.ఎం. గారి వంశాన్నీ వరసగా తిట్టారు. ఇందులో విచిత్రం ఏమిటంటే, ఆ తిట్లు తినడానికి అక్కడ మిగిలింది నిజం రాసి సెలవు పోగొట్టుకున్నవాళ్ళే.

కనుమ వెళ్ళింది. తిరుగు ప్రయాణాల రద్దీ తగ్గింది. భద్రాచలం బాబాయ్ విచారంగా డ్యూటీకి వచ్చి, అలవాటు కొద్దీ ఒక స్టీలు డబ్బా తెచ్చి ఆఫీసులో తలా ఒక అరిసె పంచాడు. డి.ఎం. గారు ఒకటి కొరికి, “నువ్వులు భలే పట్టాయయ్యా. ఎవరు చేశారు?” అన్నాడు.

“మా అత్తగారండి” అన్నాడు బాబాయ్.

అనేశాక గాని ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. చార్టు గుమాస్తా దగ్గు వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయాడు. డి.ఎం. గారు సగం అరిసె చేతిలో పట్టుకుని బాబాయ్‌ని చూశాడు, డబ్బాని చూశాడు, బీరువాలో ఉన్న మూడేళ్ళ సెలవు ఫైలు వైపు చూశాడు. ఆ సాయంత్రం ఫైలు తీసి మొదటినుంచీ చదివాడు. డిపోలో సగం కుటుంబాలు సంక్రాంతికి సంక్రాంతికి అంతరించిపోతున్నాయి.

మర్నాడు ఆయన ఒక సర్క్యులర్ రాయించబోయాడు: ఇకమీదట పండగ వారంలో ఎవరికీ ఏ కారణం మీదా సెలవు లేదు. గుమాస్తా కలం తీసేలోపు మారేడుమిల్లి అక్క తలుపు దగ్గర నిలబడింది. చేతిలో ఒక నోటుపుస్తకం.

“సార్, వచ్చే సంక్రాంతి సెలవుల గురించి అరగంట మాట్లాడాలండి.”

“వచ్చే సంక్రాంతా? ఇంకా ఏడాది ఉందమ్మా!”

“అందుకేనండి ఇప్పుడొచ్చాను. జనవరిలో వస్తే మీకు వినే తీరికుండదు, నాకు చెప్పే ఓపికుండదు.”

డి.ఎం. గారు కూర్చోమన్నాడు. ముందే ఒక మాట చెప్పేశాడు: “చూడమ్మా, సెలవన్నది హక్కుగా అడగడానికి లేదు. రూల్లో ఉంది.”

“హక్కని పోట్లాడ్డానికి రాలేదండి. వంతు అడగడానికి వచ్చాను” అంది అక్క.

పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో నాలుగేళ్ళుగా ఏ పండక్కి ఎవరెవరు వెళ్ళారో, ఎవరు వెళ్ళలేదో ఉంది. గుమాస్తా దగ్గర పాత చార్టులు చూసి రాసుకుంది. నాలుగేళ్ళూ వెళ్ళినవాళ్ళున్నారు. ఒక్కసారీ వెళ్ళనివాళ్ళున్నారు. వెళ్ళనివాళ్ళలో హైదరాబాదు తమ్ముడి పేరు పైనే ఉంది. అక్క పేరు మధ్యలో ఎక్కడో ఉంది. రెండేళ్ళ కింద ఆమె వెళ్ళింది.

రెండో పేజీలో ఓ.ఆర్. లెక్క ఉంది, అంటే ఏ రోజు ఏ బండిలో సీట్లు ఎంతవరకు నిండాయన్నది. “చూడండి సార్. భోగికి ముందు మూడు రోజులూ హైదరాబాదు వైపు నుంచి వచ్చే బళ్ళు కిక్కిరిసిపోతాయి. కనుమ వెళ్ళిన మర్నాటి నుంచి అటు వెళ్ళే బళ్ళు కిక్కిరిసిపోతాయి. మరి పండగ నాడు? పొద్దున నా బండిలో నేనూ, డ్రైవరూ, ఒక బూరెల బుట్టా ఉన్నాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మనం మాత్రం అన్ని సర్వీసులూ కదిలిస్తున్నాం. వారమంతా ఎవరికీ సెలవు లేదంటున్నారు గాని, రద్దీ వారమంతా లేదు సార్. ముందూ వెనకా ఉంది, మధ్యలో లేదు.”

“భీమవరం వైపు సంగతేమిటి? కోడిపందేలకి జనం విరగబడతారు.”

“ఆ వైపు బళ్ళు తగ్గించమనడం లేదండి. ఏజెన్సీ వైపు ఖాళీగా తిరిగేవాటిని తగ్గిస్తే ఆ సిబ్బంది మిగులుతారు.”

డి.ఎం. గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఈ లెక్క ఆయన దగ్గరా ఉంది. మొత్తం కలెక్షను చూసుకోవడానికి వాడాడు గాని, ఎవర్ని ఎప్పుడు ఇంటికి పంపొచ్చో చూసుకోవడానికి ఎన్నడూ వాడలేదు.

మూడో పేజీలో పండగల పేర్లున్నాయి. రావులపాలెం భాయ్ సంక్రాంతి మూడు రోజులూ డ్యూటీ చేస్తానన్నాడు. బదులుగా రంజాన్‌కి సెలవు కావాలన్నాడు. “నెలవంక కనబడితే రేపు, లేకపోతే ఎల్లుండి. కాబట్టి రెండు రోజులూ నా పేరు చార్టులో స్పేరుగా ఉంచమనండి” అని కూడా చెప్పి పంపాడు. కాకినాడ బండి కండక్టరు చెల్లాయికి క్రిస్మసు కావాలి, సంక్రాంతి అక్కర్లేదు. ఒకరికి సంక్రాంతి కంటే తమ ఊరి తీర్థం ముఖ్యం. ఇంకొకరికి ఏ పండగా వద్దు, పదో తరగతి పరీక్షలప్పుడు కూతురి దగ్గర ఉంటే చాలు. అందరికీ ఒకే పండగని డి.ఎం. గారు ఇన్నాళ్ళూ అనుకున్నది, ఎవర్నీ అడక్కపోవడం వల్ల.

“ఎంతమందిని పంపగలరో మీరు చెప్పండి సార్. పనిచేసేవాళ్ళకి ఎన్నాళ్ళలో బదులు సెలవిస్తారో చెప్పండి. ఎక్కువేళ్ళుగా వెళ్ళనివాళ్ళు ముందు, వెళ్ళొచ్చినవాళ్ళు వరస చివరికి. ఆ చార్టు దసరాలోపు బోర్డు మీద పెట్టండి. దాన్నిబట్టి నాకు ఈసారి రాదు. అయినా ఇదే అడుగుతున్నాను.”

“నిజంగా చావో రోగమో వస్తే?”

“అందుకు ఇద్దరు స్పేరులో ఉండాలండి. పండగ వరస నుంచి వాళ్ళని తియ్యకూడదు.”

డి.ఎం. గారు వెంటనే సరే అనలేదు. పై ఆఫీసుతో మాట్లాడాడు. ఏజెన్సీ వైపు అన్ని సర్వీసులు తగ్గించడానికి వాళ్ళు ఒప్పుకోలేదు, కొన్నిటికి ఒప్పుకున్నారు. అక్క అడిగినన్ని సెలవులు రాలేదు. ఆమె రాసినదాంట్లో మూడింట రెండు వంతులు వచ్చాయి. యూనియన్ల పెద్దల్ని రెండుసార్లు కూర్చోబెట్టాడు. సీనియారిటీ చూడాలని కొందరు, దూరం చూడాలని కొందరు పట్టుబట్టారు. చివరికి అందరూ కొంచెం కొంచెం అసంతృప్తితో ఒప్పుకున్నారు. దసరాకి ముందు బోర్డు మీద చార్టు వెలిసింది. హైదరాబాదు తమ్ముడి పేరు మొదట ఉంది. నాలుగేళ్ళూ పండగ చేసుకొచ్చిన భద్రాచలం బాబాయ్ పేరు అట్టడుగున ఉంది. మారేడుమిల్లి అక్క పేరు మరుసటేడు వరసలో ఉంది.

డిసెంబరులో ఒక పెద్దమనిషి దగ్గర్నించి ఫోను వచ్చింది. తమవాడికి సెలవివ్వాలని. మునుపైతే డి.ఎం. గారు నీళ్ళు నమిలి ఎవరో ఒకరి పేరు కొట్టేసేవాడు. ఈసారి, “ఇవ్వచ్చండి. బోర్డు మీద ఉన్నవాళ్ళలో ఎవరి పేరు తియ్యమంటారో ఆ పేరు మీరే చెబితే, మీరు చెప్పారని రాసి అతికించేస్తాను” అన్నాడు. అవతల ఫోను పెట్టేశారు. చార్టు సిబ్బందికి మేలు చేస్తుందనుకున్న డి.ఎం. గారికి, అది తన వెన్నుపూస కూడా గట్టిపరిచిందని ఆ రోజు తెలిసింది.

సంక్రాంతి వచ్చింది. తమ్ముడు ఊరెళ్ళాడు. బాబాయ్ ఎన్నో ఏళ్ళకి మొదటిసారి పండగపూట ఖాకీ చొక్కా వేసుకుని బండి ఎక్కాడు. భోగి తెల్లవారుజామున పెద్దాపురం నుంచి ఫోను వచ్చింది. అత్తగారు పోయారు.

నాన్నా పులి కథ తెలిసినవాళ్ళంతా ఇక్కడ ఏం జరుగుతుందో ఊహించేసి ఉంటారు. డిపోలో కూడా అదే ఊహించారు. గేటు దగ్గర సెక్యూరిటీ వాడు మొహం తిప్పుకుని నవ్వాడు. బాబాయ్ డి.ఎం. గారి ముందు నిలబడ్డాడు గాని నోట మాట రాలేదు. ఏ మాట అన్నా అది తాను ఇదివరకే వాడేసిన మాట. డి.ఎం. గారు ఆయన్ని ఏమీ అడగలేదు. స్పేరులో ఉన్న డ్రైవర్ని పిలిచి భద్రాచలం బండి అప్పజెప్పి, “బయల్దేరు బాబాయ్. పెద్దాపురం మీదుగా వెళ్ళే మొదటి సర్వీసు ఇంకో పావుగంటలో ఉంది” అన్నాడు.

బాబాయ్ వెళ్ళాక గుమాస్తా ఉండబట్టలేక అడిగాడు: “సార్, నిజమేనంటారా?”

“నిజమో కాదో తేల్చుకోవాల్సిన పని నాకిప్పుడు లేదయ్యా. ఆపదకని ఇద్దర్ని ఉంచుకున్నాం. ఆపదన్నాడు, పంపించాను. అబద్ధమైతే వాడుకున్నది తన అక్కరకి పనికొచ్చే సెలవే. ఇంకొకడి పండగ కాదు.”

మరుసటేడు దసరాకి ముందు, చార్టు కోసం అందరూ తమకేం కావాలో రాసిచ్చారు. భద్రాచలం బాబాయ్ కాగితం మీద కారణం అన్న చోట ఇలా ఉంది: “మనవరాలికి భోగిపళ్ళు పోయాలి.” ఆయన ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో రాసిన మొదటి నిజమైన సెలవు అర్జీ అదే. వరసలో ఆయన పేరు ఇంకా కిందనే ఉంది కాబట్టి సంక్రాంతికి రాలేదు. ఆ పై ఏటికి ఖాయమని తేదీ వేసి ఇచ్చారు. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అత్తవారింట్లో మరెవరినీ చంపలేదు.

నీతి

నిజానికి సెలవు దొరకని చోట అబద్ధానికి సెలవు దొరుకుతుంది. దొరికిన చోటికే జనం పోతారు. ఈ కథలో అబద్ధం ఆడింది బాబాయే అయినా, దానికి ఏటేటా సంతకంతో వెలకట్టి కొన్నది డి.ఎం. గారు. నిజం రాసినవాడి చేత రెండు డ్యూటీలు చేయించి, కథ అల్లినవాణ్ణి ఇంటికి పంపితే, ఏది నేర్చుకోవాలో సిబ్బందికి వేరే శిక్షణ అక్కర్లేదు.

అడిగేవాళ్ళకి అక్క నుంచి నేర్చుకోవాల్సింది ధైర్యం ఒక్కటే కాదు, పద్ధతి కూడా. రద్దీ నెత్తిమీదికి వచ్చాక అడిగే సెలవు, ఎంత న్యాయమైనదైనా, మేనేజరు చెవికి ఒక అడ్డంకిలాగే వినబడుతుంది. తీరిక ఉన్నప్పుడు అడిగితే అదే మాట ఒక ఏర్పాటు అవుతుంది. నాకు కావాలి అనే వాదనకి ఎవరైనా నాకూ కావాలి అని జవాబు చెప్పగలరు. ఎవరెన్నిసార్లు వెళ్ళారో చూపించే లెక్కకి అలాంటి జవాబు లేదు. పని ఎక్కడ బరువుగా ఉందో, ఎక్కడ ఉత్తినే తిరుగుతోందో, ఆ పని చేసేవాళ్ళకే ఎక్కువ తెలుసు. ఆ తెలివిని అర్జీతో పాటు బల్లమీద పెడితే మేనేజరు సమస్య సగం తీరుతుంది. అన్నిటికన్నా గట్టిది, తనకి ఈ ఏడు నష్టం తెచ్చే నియమాన్నే అక్క అడగడం. అలా అడిగినవాళ్ళని స్వార్థమని కొట్టిపారెయ్యడం ఎవరి తరమూ కాదు.

సెలవు హక్కు కాదన్న డి.ఎం. గారి మాట గాలిలోంచి రాలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1972 నాటి సెలవు నియమాల్లో ఏడవది ఆ మాటే చెబుతుంది: ప్రజాసేవ అవసరాన్నిబట్టి అధికారి సెలవు నిరాకరించవచ్చు. అయితే అదే నియమం అధికారి చేతిని ఒకచోట పట్టుకుంటుంది కూడా. ఉద్యోగి రాతపూర్వకంగా కోరితే తప్ప, అతను అడిగిన రకం సెలవుని ఇంకో రకంగా మార్చడానికి వీల్లేదు. అంటే నిరాకరించే అధికారానికీ హద్దు ఉంది.

మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇంకా స్పష్టంగా రాసిపెట్టింది. ఒక ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్ళకి, చేసిన ప్రతి 20 రోజులకి ఒక రోజు చొప్పున మరుసటేడు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలంది. మామూలు సెలవుకి 15 రోజుల ముందు అర్జీ పెట్టాలంది. జబ్బు చేసినప్పుడు ఆ గడువు పట్టింపు లేదంది. పని ఆగకుండా ఉండేందుకు సెలవుల వరస ఎలా ఉండాలో యాజమాన్యం కార్మికుల ప్రతినిధులతో ఒప్పుకుని రాసుకోవచ్చనీ, ఆ రాసుకున్నదాన్ని అందరికీ కనబడే చోట అతికించాలనీ, పద్ధతిగా పెట్టిన అర్జీని ఆ వరస ప్రకారం తప్ప నిరాకరించకూడదనీ 79వ సెక్షన్లో ఉండేది. మామూలుగా వయోజన కార్మికులు వాడుకోని సెలవు 30 రోజుల వరకే ముందుకు జరిగేది. అడిగినా ఇవ్వని సెలవుకి మాత్రం ఆ పరిమితి ఉండేది కాదు. అక్క నోటుపుస్తకంలో ఉన్నదంతా ఇంచుమించు ఆ ఒక్క సెక్షన్లో ఉండేది. బస్సు, లారీ సిబ్బంది కోసం 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం కూడా 240 రోజులు, 20కి ఒకటి అన్న లెక్కనే పాటించింది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025లో ఈ చట్టాల స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ 240ని 180కి దించింది. రాజ్యాంగం 43వ అధికరణం పనివాళ్ళకి జీవన వేతనంతో పాటు విశ్రాంతినీ, సాంస్కృతిక అవకాశాలనీ పూర్తిగా అనుభవించే వీలు కల్పించాలని రాజ్యానికి చెబుతుంది. ఇంటికెళ్ళి భోగిపళ్ళు పోయడం ఆ మాట కిందికే వస్తుంది.

ఇవాళ మనం అడక్కుండానే వచ్చిందనుకునే ఆదివారం సెలవు వెనక కూడా ఒక అర్జీ ఉంది. బొంబాయి నూలు మిల్లులో స్టోరుకీపరుగా పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికుల్ని కూడగట్టి, వారానికి ఒకరోజు విశ్రాంతి కావాలని దాదాపు 5,500 మంది సంతకాలతో ఫ్యాక్టరీ కమిషనుకి విజ్ఞాపన ఇచ్చాడు. 1890 జూన్ 10న బొంబాయి మిల్లు యజమానులు వారపు సెలవుకి ఒప్పుకున్నారు. ఆరేళ్ళు పట్టింది. లోఖండే తన ఒక్కడి ఆదివారం అడిగి ఉంటే ఏ యజమానో దయతలచి ఇచ్చేవాడేమో. అది లోఖండేతోనే పోయేది. అందరి ఆదివారం అడిగాడు గనక, ఆ మిల్లులు మూతపడ్డా ఆదివారం మిగిలింది.

ఇచ్చే కుర్చీలో ఉన్నవాళ్ళకి కూడా ఈ కథ ఒక మాట చెబుతుంది. అందరికీ ఇవ్వలేకపోవడం తప్పు కాదు. బస్సులు తిరగాలి, ఆసుపత్రిలో నర్సు ఉండాలి, కరెంటు పోతే లైన్‌మన్ రావాలి. పండగ నాడు ఎవరో ఒకరు పనిలో ఉండక తప్పదు. ఆ ఎవరో ఎప్పుడూ ఒక్కరే కావడం తప్పు. ఎందుకు కాదో చెప్పకపోవడం, ఎప్పుడు అవునో చెప్పకపోవడం తప్పు. ఈ ఏడు లేదు, వచ్చే ఏడు నీదే అని తేదీ వేసి ఇచ్చిన నిరాకరణని మనిషి జేబులో పెట్టుకుని పనిచేసుకుంటాడు. చూద్దాంలే అని పంపిస్తే, డాక్టరు సర్టిఫికెట్ కోసం వెతుక్కుంటాడు.

సెలవు ఇవ్వడానికి మనిషి ఇంట్లో చావు కోసం చూసే ఆఫీసు, ఆ మనిషి బతుకుని లెక్కలోకి తీసుకోవడం లేదన్నమాట. పండగనీ, పిల్లల పరీక్షనీ, ముసలి నాయనమ్మనీ సరైన కారణాలుగా ఒప్పుకుని, వాటికి ముందుగానే వరస కడితే, సిబ్బందికి నిజం చెప్పడం సులువవుతుంది. సెలవు అడగబోయేవాళ్ళు తమ కారణంతో పాటు పక్కవాడి వంతు కూడా కాగితం మీద పెట్టి తీసుకెళ్ళాలి. ఆ కాగితాన్ని కాదనడం మేనేజరుకి కష్టం, అవుననడం తేలిక.